మాణిక్యమ్మకి ఆఖరి నీళ్ళు

“ఆ బిందెలు గేటు బయటే దింపండి. లోపలికి తెస్తే ఊరుకోను!”

పాపాయమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. తెల్లారగట్ల ఆసుపత్రి వ్యాన్లోంచి తమ్ముడి భార్యని దింపినప్పటినుంచీ ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు పోయిందనుకున్నారు అందరూ. పోలేదు. పాపాయమ్మకి ఏడుపు ఎంత తొందరగా వస్తుందో, కోపం అంతకంటే తొందరగా వస్తుంది. ఒకదానికి ఇంకొకటి అడ్డం రాదు.

గేటు బయట పదిమంది దాకా ఆడవాళ్ళు నిలబడ్డారు. సముద్రపొడ్డు పల్లె నుంచి చేపలు తోలే ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో నీళ్ళ బిందె. దారిలో తొణక్కుండా మూతులకి గుడ్డలు కట్టారు.

ముందు నిలబడ్డ అప్పాయమ్మ ఆ ఊరికి కొత్తది కాదు. రోజూ చేపల గంప దించే మనిషే. ఇవాళ పొద్దున్న ఆ ఇంటి ముందు నిప్పు పెట్టి ఉండడం చూసింది. ఎవరని అడిగింది. రత్నమాణిక్యం గారని చెప్పగానే గంప ఆ గోడ పక్కనే వదిలేసి వచ్చిన దారినే పరిగెత్తింది. గంప ఇంకా అక్కడే ఉంది, ఈగలు ముసురుతున్నాయి.

“మీరేం అనుకోకండి పెద్దమ్మగారూ. చూసి ఏడ్చి వెళ్ళిపోడానికి రాలేదండి మేము. మాణిక్యమ్మగారికి నీళ్ళు పోసుకుంటామండి. అంతేనండి,” అంది అప్పాయమ్మ.

“నీళ్ళు పొయ్యడానికి మా ఇంట్లో మనుషుల్లేరా? కోడలుంది, కూతురుంది, నేనున్నాను. మొగుడి చేతుల్లో పుణ్యస్త్రీగా పోయిన మనిషి. పసుపూ కుంకాలతో సాగనంపాల్సిన మనిషి. నీ మెళ్ళో ఏముంది? నీ వెనకాల వాళ్ళ మెళ్ళో ఏముంది? మీరు ముట్టుకుంటారా ఆవిణ్ణి?”

అప్పాయమ్మ చెయ్యి తనకి తెలియకుండానే మెడ మీదికి పోయింది. ఆ మెళ్ళో పుస్తెలతాడు తుఫాను ఏడాదే తెగింది.

వెనకాల ఎవరో ముసలామె చంకలో బిందె ఇటునుంచి అటు మార్చుకుంది. అంతకుమించి ఎవరూ కదల్లేదు.

వసారాలో తల్లి తల దగ్గర కూర్చున్న దుర్గాశ్రీకి ఈ మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. తుని నుంచి మొదటి బస్సుకి వచ్చి అక్కడ కూర్చున్న మనిషి, లేవలేదు. దీపంలో నూనె పోస్తూ, తల్లి ముఖం చూస్తూ కూర్చుంది. రెండు రోజుల కిందట ఫోన్‌లో “వచ్చే వారం వస్తానే, నీకు ఆవకాయ తెస్తాను” అన్న నోరు అది. ఇప్పుడు దవడ కింద నుంచి గుడ్డ పెట్టి కట్టేశారు. ఆ గుడ్డ చూస్తే దుర్గాశ్రీకి పాపాయమ్మ మీదా, దేవుడి మీదా, అందరి మీదా కోపం వచ్చింది.

ఈ ఊళ్ళో రత్నమాణిక్యం గురించి చెప్పమంటే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. పోలియో చుక్కల రోజున రోడ్డుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేది. బస్సులో ఉన్న ప్రతి చంటిపిల్ల నోట్లో చుక్క పడేదాకా డ్రైవర్ని కదలనిచ్చేది కాదు. “అమ్మా, టైము దాటిపోయిందమ్మా” అని అతను మొత్తుకుంటే “నీకేనా టైము, ఆ పిల్లకి లేదా?” అనేది. కంటి ఆపరేషన్లకి ముసలివాళ్ళని ట్రాక్టరెక్కించి రామచంద్రపురం తీసుకెళ్ళి, కట్లు విప్పేదాకా అక్కడే వాళ్ళ పక్కన పడుకునేది. జీతం లేదు, పదవి లేదు. ఎవరైనా దండ వెయ్యబోతే “ఆ పూలు తలలో పెట్టుకోండే” అని తప్పుకునేది.

సముద్రపొడ్డు పల్లెలో మాత్రం ఇవేవీ చెప్పరు. తుఫాను మర్నాడు ఆవిడ అక్కడికి ఎలా వచ్చిందో చెబుతారు.

అన్నం పొట్లాలు పంచడానికి ట్రాక్టరెక్కి వెళ్ళింది. అక్కడ గట్టు మీద చచ్చిపోయిన ఆడవాళ్ళని వరసగా పడుకోబెట్టారు. అలలు ఒంటి మీద బట్టలు కూడా తీసుకుపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు చూస్తూనే ఉన్నారు. రత్నమాణిక్యం పొట్లాలు ఎవరి చేతిలోనో పెట్టేసి, తన సంచీలో చీర తీసి, నలుగురు ఆడవాళ్ళని పిలిచి అడ్డంగా పట్టమంది. పల్లెలో నూతులన్నీ ఉప్పైపోయాయి. కాలవ నీళ్ళు పాల క్యాన్లలో పోయించి ట్రాక్టరు మీద తెప్పించింది. ఒక్కొక్కరికీ ఇసక వదిలేలా స్నానం చేయించి, దొరికిన బట్ట చుట్టి, అప్పుడు మగవాళ్ళని పిలిచింది. రెండు రోజులని వెళ్ళిన మనిషి వారం దాకా ఇల్లు చేరలేదు.

ఆ తరవాత చుట్టుపక్కల ఎక్కడ దిక్కులేని ఆడమనిషి పోయినా ఆవిడకి కబురొచ్చేది. ఆవిడ వెళ్ళేది. తిరిగొస్తే పాపాయమ్మ పక్కింట్లోంచి వచ్చి పెరటి గుమ్మంలో నిలబడేది. నూతి దగ్గర తలారా స్నానం చేస్తేగాని లోపలికి అడుగు పెట్టనిచ్చేది కాదు.

దుర్గాశ్రీ లేచి గేటు దగ్గరికి వచ్చింది.

“రానియ్యి అత్తయ్యా వాళ్ళని.”

“నువ్వూరుకో. చిన్నదానివి, నీకు తెలియదు. రేపు ఏదైనా కీడు జరిగితే అనుభవించేది ఈ ఇల్లు, తునిలో నువ్వు కాదు.”

“కీడు ఇవాళ జరిగింది కదా అత్తయ్యా. ఇంకేం జరగాలి?”

పాపాయమ్మ ఏదో అనబోయింది. ఈలోగా పందిట్లో మగవాళ్ళ మధ్య కూర్చున్న సత్యప్రసాద్ లేచి వచ్చాడు. రత్నమాణిక్యం ఒక్కగానొక్క కొడుకు. పొద్దుటినుంచి కంట తడి పెట్టలేదని చుట్టాలు చెవులు కొరుక్కుంటున్నది ఇతని గురించే.

“అప్పాయమ్మా, మీరు వెళ్ళిపోండి,” అన్నాడు.

“అన్నయ్యా, నువ్వు కూడానా? తాళీ గీళీ అని ఆవిడంటే సరే...”

“నాకు తాళితో పనిలేదు చెల్లీ. ఎవరి మెళ్ళో ఏముందో నేను చూడలేదు.” గొంతు సవరించుకున్నాడు. “అందరికీ అమ్మే. ఊళ్ళో వాళ్ళకి అమ్మ. పల్లెలో వాళ్ళకి అమ్మ. బస్టాండులో పడి చచ్చిపోయినవాళ్ళకి అమ్మ. మాకెప్పుడు అమ్మ? చెప్పు. మాకెప్పుడు?”

“అన్నయ్యా...”

“తుఫానప్పుడు సత్యవాణి ఈ గదిలో నొప్పులు పడుతోంది. చెట్లు పడిపోయి ఆసుపత్రి వైపు రోడ్డు లేదు. నర్సమ్మ రాలేదు. ఈ గుమ్మంలో నిలబడి వీధి వంకే చూశాను, అమ్మ వస్తుంది, అమ్మ వస్తే ఏదో ఒకటి చేస్తుంది అని. రాలేదు. వీళ్ళ దగ్గరుంది. నా కొడుకు ఏడుపన్నది లేకుండా పుట్టాడు. వాణ్ణి తువ్వాల్లో చుట్టి నేనొక్కణ్ణే పట్టుకెళ్ళాను. ఎవరు పోశారు వాడికి నీళ్ళు?”

ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. తరవాత ఆ ఇంట్లో మళ్ళీ ఉయ్యాల కట్టలేదు.

సత్యప్రసాద్ అప్పాయమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. “మీ మీద నాకు కోపం లేదమ్మా. ఒక్క పూట అడుగుతున్నాను. ఈ ఒక్క పూట మా అమ్మని మాకొదిలెయ్యండి. రేపట్నుంచి మీ ఇష్టం. ఫోటో కట్టించుకుని దణ్ణం పెట్టుకోండి.”

అన్నయ్య చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అబద్ధమైతే దుర్గాశ్రీ పోట్లాడేది.

అప్పాయమ్మ చేతులు జోడించబోయింది, చంకలో బిందె అడ్డొచ్చింది.

“అబ్బాయిగారన్నది న్యాయమేనండి. ఆవిడ మా దగ్గరే ఉన్నారండి ఆ రోజు. మా పెద్దమ్మాయికి నీళ్ళు పోస్తున్నారు. మీ ఇంట్లో ఇలా ఉందని మాకు తెలియదండి బాబూ. తెలిస్తే పంపించేసేవాళ్ళం కదండీ.” కొంగుతో ముఖం తుడుచుకుని వెనక్కి తిరిగింది. “పదండే. పోదాం.”

నాలుగడుగులు వేసి ఆగింది. “నీళ్ళు మాత్రం ఉంచుకోండి బాబూ. మా నూతి నీళ్ళండి. ఇప్పుడు ఉప్పు లేదండి. తియ్యగానే ఉంటున్నాయి.”

బిందెలు ఒకదాని పక్కన ఒకటి గేటు బయట దింపారు. దుర్గాశ్రీ ఆ బిందెల వంకే చూసింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

“ఆగు అప్పాయమ్మా.”

ఎవరన్నారో ముందు ఎవరికీ తెలియలేదు. పొద్దుటినుంచి ఆ గొంతు ఎవరూ వినలేదు. కోడలు సత్యవాణి వసారా మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో పసుపు గిన్నె.

మెట్లు దిగి భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. పదిమందిలో అతని ముఖంలోకి చూసి మాట్లాడే అలవాటు ఆమెకి లేదు.

“అత్తయ్యగారు వెళ్ళనన్నారండి.”

“ఏంటి?”

“తుఫాను మర్నాడు ట్రాక్టరు వచ్చి వీధిలో ఆగింది కదండీ. మీరు పొలం చూడ్డానికి వెళ్ళారు. కోడలికి నెలలు నిండుతున్నాయి, నేను రాను, మీరు వెళ్ళండి అని వాళ్ళకి చెప్పేశారు అత్తయ్యగారు. నేనే వెళ్ళమన్నాను.”

సత్యప్రసాద్ తలెత్తి వీధి వంక చూశాడు.

“ఇంకా నెల ఉంది కదా, రెండు రోజుల్లో వచ్చేస్తారు కదా, మీరు వెళ్ళకపోతే ఎవరు వెళ్తారు అన్నాను. అయినా వెళ్ళలేదు. నాకేం భయం లేదు అత్తయ్యగారూ అని సంచీలో చీర నేనే మడతపెట్టి ఇచ్చాను. అప్పుడు వెళ్ళారు. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి నా కడుపు మీద చెయ్యి వేసి చూసి వెళ్ళారు.”

“ఆరేళ్ళయింది,” అన్నాడు సత్యప్రసాద్. “ఆరేళ్ళు నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెప్పబోయానండి. ఆవిడ వచ్చిన రోజునే చెప్పబోయాను. నా నోరు మూసేశారు.” సత్యవాణి పసుపు గిన్నె రెండో చేతిలోకి మార్చుకుంది. “‘వాడికిప్పుడు ఎవరో ఒకరి మీద కోపం ఉండాలమ్మా, లేకపోతే పిచ్చెక్కిపోతాడు. అది నా మీదే ఉండనీ. నేను కన్నదాన్ని, పడతాను. నీ మీద పెట్టుకున్నాడంటే మీ కాపురం నిలవదు’ అన్నారు అత్తయ్యగారు. చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ఆవిడ బతికుండగా నేను మాట తప్పలేదండి.”

దుర్గాశ్రీ గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది. తల్లి తునికి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది. “మీ అన్నయ్య నీతో మాట్లాడాడా? బాగున్నానన్నాడా?” ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు క్షేమం కూతుర్ని అడిగేదేంటా అని నవ్వుకునేది దుర్గాశ్రీ. ఆరేళ్ళూ ఆ మనిషి కొడుక్కి అన్నం వడ్డించి, తలుపు చాటుకి పోయి, అక్కణ్ణుంచి చూసుకుంది. అతను తినేవాడు. లేచి చెయ్యి కడుక్కునేవాడు. అమ్మా అని పిలిచేవాడు కాదు. ఒక్క మాట చెబితే పోయేదానికి అన్నేళ్ళు నోరు కట్టుకుని కూర్చుంది. ఊరందరి కష్టాలకీ పరుగులు తీసిన మనిషి, తన కష్టం మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.



అరుగు మీద కుర్చీలో ఉన్న గంగరాజు లేచాడు. భార్య తలని ఒళ్ళో పెట్టుకుని వ్యాన్లో వచ్చిన మనిషి, దిగినప్పటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా రెండు మెట్లు దిగాడు.

“అక్కా,” అన్నాడు పాపాయమ్మతో. “ఎవరు పోసినా పొయ్యనీ. చన్నీళ్ళు మాత్రం పొయ్యకండి.”

“అదేంట్రా తమ్ముడూ?”

“మాణిక్యానికి చన్నీళ్ళు పడవు. ఆయాసం వస్తుంది.”

“ఇప్పుడు ఆయాసమేంట్రా నీ మొహం...” అని పాపాయమ్మ మధ్యలోనే ఆగిపోయింది.

“నువ్వు నూతి దగ్గర పోసుకోమనేదానివి కదా. నువ్వు వెళ్ళేదాకా ఊరుకుని, పశువుల కొట్టంలో పొయ్యి మీద కాచి ఇచ్చేవాణ్ణి. నీతో చెప్పలేదు.” గంగరాజు గొంతు అప్పటికి పగిలింది. “కాచండమ్మా ఎవరైనా. గోరువెచ్చగా ఉంటే చాలు.”

పాపాయమ్మ అక్కడే మట్టిలో కూలబడి, ఈసారి తిట్లు లేకుండా ఏడ్చింది.

సత్యప్రసాద్ గేటు తీసుకుని బయటికి వెళ్ళాడు. ఒక బిందె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. అప్పాయమ్మ “మాకివ్వండి బాబూ” అంటూ వెంటపడితే “రండి, మీరూ రండి” అని ముందు నడిచాడు. పెరట్లో ఇటుకలు పేర్చి తనే పొయ్యి రాజేశాడు. కొబ్బరి మట్టలు పొగ చూరుతుంటే ఊదుతూ కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకో దేనికో ఎవరూ అడగలేదు. దుర్గాశ్రీ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

నీళ్ళు కాగాయి. పెరట్లో బల్ల వేసి రత్నమాణిక్యాన్ని తెచ్చి పడుకోబెట్టారు. పల్లె ఆడవాళ్ళు చుట్టూ చీరలు పట్టారు. మగవాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు.

లోపల అప్పాయమ్మ ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని పలకరించింది. నీళ్ళు పోసే ముందు, పోస్తున్నంతసేపూ, పోయినవాళ్ళతో బతికున్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేదట రత్నమాణిక్యం. ఊరుకుని పోస్తే రాయికి పోసినట్టుంటుంది అనేదట. దుర్గాశ్రీకి ఈ సంగతి తెలియదు. అప్పాయమ్మ చెబితే ఇదే మొదటిసారి వినడం.

“మాణిక్యమ్మగారూ, మేమేనండి. అమ్మాయిగారు కూడా వచ్చారండి తుని నుంచి.”

దుర్గాశ్రీకి అప్పుడు వచ్చింది ఏడుపు. తల్లి కాళ్ళ మీద పడి, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు పిలిచినట్టు అమ్మా, అమ్మా అని పిలిచింది. ఎవరూ ఆమెని లేవదీయలేదు. కొంతసేపటికి పాపాయమ్మే కళ్ళు తుడుచుకుని లేవదీసింది.

“ఊరుకో తల్లీ. నీళ్ళు చల్లారిపోతాయి. ఏదీ, కోడలేదీ? ముందు చెంబు కోడలిదే. సత్యవాణీ!”

సత్యవాణి పొయ్యి దగ్గర చెంబు ముంచుకుని వచ్చింది. చీర అంచు తొలగించబోయింది.

“నువ్వు వెళ్ళకు.”

సత్యప్రసాద్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఏవండీ...”

“అందరూ పోస్తారు. నువ్వు పొయ్యకు. నీ చెయ్యి మా అమ్మ మీద పడడానికి వీల్లేదు.”

కేకలు వెయ్యలేదు. మామూలుగానే అన్నాడు. చీరల సందులోంచి దుర్గాశ్రీ అన్నయ్య ముఖం చూసింది. ఆరేళ్ళుగా అతను అమ్మ వైపు తిప్పిన ముఖమే అది. ఇప్పుడు వదిన వైపు తిరిగింది.

ఇలాంటప్పుడు రత్నమాణిక్యం ఎక్కడున్నా వచ్చేసేది. “ఒరే ప్రసాదూ, గడ్డిమేటు మీద తాటాకులు ఎగిరిపోతున్నాయి చూడరా” అనేది. “సత్యవాణీ, పొయ్యి మీద పాలు చూడమ్మా” అనేది. ఇద్దరినీ చెరోవైపు పంపించేసి తను మధ్యలో నిలబడేది.

సత్యవాణి చెంబు కింద పెట్టలేదు. భర్త భుజం మీదుగా చీరల వైపు చూసింది, అలవాటు కొద్దీ.

బయట ఏం జరుగుతోందో అప్పాయమ్మకి తెలియదు. లోపల ఆమె మెల్లగా చెబుతూనే ఉంది.

“కాస్త ఆగండి మాణిక్యమ్మగారూ. మీ కోడలుగారు వస్తున్నారండి. వచ్చాక మొదలుపెడదామండి.”